వార్తా సంగ్రహ వెబ్‌సైటు

వార్తా సంగ్రహ వెబ్‌సైటు అనగా పత్రికలు, టెలివిజన్ చానెళ్ళు, ప్రభుత్వ ప్రకటనల ద్వారా వెలువడిన వార్తలను కొద్ది వాక్యాలలోకి కుదించి, తేదీల వారీగా గాని విషయాల వారీగా గాని అమర్చి చూపే వెబ్‌సైటు. ఇందులో స్వయంగా వెళ్ళి వార్త సేకరించేవారు సాధారణంగా ఉండరు. ఇతరులు సేకరించిన దానిని చదివి, సరిపోల్చి, క్లుప్తంగా తిరిగి వ్రాస్తారు. ఈ పనిని కొన్నింటిలో జీతంపై పనిచేసే సంపాదకులు, కొన్నింటిలో కంప్యూటరు ప్రోగ్రాములు, మరికొన్నింటిలో పాఠకులే చేస్తారు. చివరి రకమును గురించి, దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలోని పానగల్ వంటి మండలం నుంచి చూచినపుడు అందులో ఎదురయ్యే చిక్కులను గురించి ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యము

పాఠకుల చేత వ్రాయించడం ఇంటర్నెట్టుతో పుట్టిన పద్ధతి కాదు. నిజాం పాలనలో నల్గొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు సంపాదకత్వంలో 1922లో నీలగిరి పత్రిక వెలువడింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక ప్రారంభమైంది. తెలంగాణలో కవులు లేరన్న విమర్శకు సమాధానంగా సురవరం 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దక్కింది. పల్లెపల్లెన ఉన్నవారి సమాచారము పత్రికా కార్యాలయానికి చేరి ఉండకపోతే ఆ సంచిక సాధ్యమయ్యేది కాదు. ఒక కార్యాలయంలో కూర్చున్నవారికి కనబడని దానిని ఊళ్ళో ఉన్నవారు అందించడం, దానిని ఒకచోట వరుసగా పేర్చడం అనే ఈ పద్ధతే నేటి సంగ్రహాలకు మూలమని చెప్పవచ్చు. 1952 ఎన్నికలలో సురవరం హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనది వనపర్తి నుంచి కావడం పానగల్ పాఠకులకు ఆసక్తి కలిగించే విషయము.

1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టిన తరువాత మండల స్థాయి విలేఖరుల వ్యవస్థ విస్తరించింది. ఇతర పత్రికలు అదే బాట పట్టాయి. దీనివల్ల చిన్న ఊరి వార్తకు అచ్చులో స్థానం దొరికింది. అయితే జిల్లా సరిహద్దు వార్తకు కూడా సరిహద్దయింది. నల్గొండ పాఠకునికి మహబూబ్‌నగర్ పేజీ, మహబూబ్‌నగర్ పాఠకునికి నల్గొండ పేజీ ఇంటికి రాదు. కృష్ణా నీరు, వలసలు, కరవు వంటి ఉమ్మడి విషయాలు రెండు జిల్లాలలో వేర్వేరు కథలుగా చదవబడ్డాయి. వార్తా సంగ్రహము చేయగల మేలు ప్రధానంగా ఇక్కడే ఉన్నది.

వికీమీడియా సంస్థ ఆధ్వర్యంలో పాఠకులే వార్తలు వ్రాసే వికీన్యూస్ 2004లో మొదలైంది. తమిళంలో వికీన్యూస్ ఏర్పడింది కాని తెలుగులో ప్రత్యేక వికీన్యూస్ ఏర్పడలేదు. ఆ పనిలో కొంత భాగాన్ని 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలోని వర్తమాన ఘటనల పేజీలు, సంఘటనలు, జననాలు, మరణాలు, పురస్కారాలు అనే శీర్షికలతో ఉండే సంవత్సరాల పేజీలు నిర్వహించాయి. తరువాతి కాలంలో మొబైలు ఫోనుకై ఉద్దేశించిన సంగ్రహాలు వచ్చాయి. 2013లో మొదలైన ఇన్‌షార్ట్స్ వార్తను 60 పదాలకు పరిమితం చేసింది. హైదరాబాదు కేంద్రంగా వే2న్యూస్ తెలుగులో చిన్న వార్తలను మండల స్థాయి వరకు తీసుకువెళ్ళింది.

ఖతుల సమస్య

2000 దశకంలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎక్కువగా తమ సొంత ఖతులనే వాడేవి. అక్షరాలు తెరపై తెలుగుగానే కనబడినా లోపల యూనికోడ్ లేనందున సెర్చి ఇంజన్లకు అవి అందేవి కావు. పద్మ అనే ఉపకరణము ద్వారా వాటిని యూనికోడ్‌లోకి మార్చుకొనే వీలుండేది. లేఖిని వంటి వాటితో ఇంగ్లీషు కీబోర్డుపై తెలుగు టైపు చేసేవారు. వార్తను చదివి, తిరిగి తన మాటల్లో టైపు చేయవలసి రావడం ఒక శ్రమయే అయినా దానివల్ల ఒక లాభం కలిగింది. కాపీ చేయడం కష్టం కాబట్టి సంగ్రహించక తప్పేది కాదు. యూనికోడ్ వచ్చి ఆ అడ్డు తొలగిన తరువాత వాక్యాలను యథాతథంగా అతికించడం పెరిగింది.

పానగల్ అనగా ఏ పానగల్?

ఈ ప్రాంత వార్తలను సంగ్రహించేవారు మొదట తేల్చుకోవలసినది ఊరి పేరు. పానగల్ ఒక మండల కేంద్రం. ఇది పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వనపర్తి జిల్లాలో చేరింది. ఇక్కడి కొండపై కోట ఉన్నది. నల్గొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లు వేరు. అది కందూరు చోడుల రాజధాని. ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వర ఆలయాలు, ఉదయసముద్రం చెరువు అక్కడివి. ఇవి గాక పానగల్ రాజా అని ప్రసిద్ధుడైన పానగంటి రామరాయనింగారు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రిగా ఉన్నాడు. చెన్నై త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కు ఆయన పేరున ఏర్పడినది. కనుక పానగల్ అని వెదికినవారికి వనపర్తి రైతు వార్త, నల్గొండ ఆలయ వార్త, చెన్నై ట్రాఫిక్ వార్త ఒకే వరుసలో కనబడినా ఆశ్చర్యం లేదు.

ఈ పొరపాటు కంప్యూటర్లకే పరిమితం కాదు. 1420 ప్రాంతంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా విజయనగర సైన్యం చేతిలో ఓడిన పానగల్ యుద్ధం కొన్ని చరిత్ర రచనలలో నల్గొండ జిల్లాకు చెందినదిగా కనబడుతుంది. గ్రంథకర్తలకే తప్పనిది, ఉదయం వార్తను పది నిమిషాలలో కుదించేవారికి సులభంగా తప్పిపోతుందని అనుకోరాదు. పానగల్ (వనపర్తి జిల్లా), పానగల్లు (నల్గొండ) అని మొదటి వాక్యంలోనే వ్రాయడం మంచిది.

జిల్లా తేలినా చిక్కు పూర్తి కాదు. పానగల్ మండలం వనపర్తి జిల్లాలో ఉన్నా శాసనసభకు కొల్లాపూర్ నియోజకవర్గంలో, లోక్‌సభకు నాగర్‌కర్నూల్ నియోజకవర్గంలో ఉన్నది. కొల్లాపూర్ పట్టణమేమో నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది. అందుచేత ధాన్యం కొనుగోలు కేంద్రం వార్త వనపర్తి పేజీలోను, శాసనసభ్యుని పర్యటన నాగర్‌కర్నూల్ పేజీలోను రావచ్చు. ఒకే పేజీ చూచి వ్రాసినచో మండలం సగమే కనబడుతుంది. పాత వార్తల విషయంలో మరొక నియమం అవసరం. 2016కు ముందు జరిగిన దానికి అప్పటి జిల్లా పేరునే ఉంచి, ప్రస్తుత జిల్లాను పక్కన చెప్పాలి. 2009 అక్టోబరు వరదల సంగ్రహములో అలంపూర్‌ను జోగులాంబ గద్వాల జిల్లాగా మార్చి వ్రాస్తే, ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లా నష్టాల లెక్కలతో అది ఎక్కడా పొసగదు.

క్రియాపదము యొక్క బరువు

సంగ్రహములో పదాలు తక్కువ కాబట్టి క్రియాపదముపై భారం ఎక్కువ. తెలంగాణ ఏర్పాటే దీనికి తగిన ఉదాహరణ. 2009 డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి పి. చిదంబరం రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ ప్రారంభిస్తామని ప్రకటించాడు. తెలంగాణ వచ్చిందని కుదించినవారు డిసెంబరు 23న, విస్తృత సంప్రదింపులు అవసరమన్న రెండవ ప్రకటన వెలువడినపుడు తమ మొదటి వాక్యాన్ని సవరించుకోవలసి వచ్చింది. ఆ తరువాత బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఆమోదం పొందింది. మార్చి 1న రాష్ట్రపతి సంతకం లభించింది. రాష్ట్రం అవతరించినది జూన్ 2న. ప్రకటించుట, ఆమోదించుట, సంతకము చేయుట, అవతరించుట నాలుగు వేర్వేరు పనులు. పోటీ పరీక్షకు చదివే విద్యార్థి ఈ తేదీలను కలగలుపుకోవడానికి అజాగ్రత్తగా వ్రాసిన సంగ్రహాలు కూడా కారణమే.

పాలమూరు ప్రాంతంలో ఇది ప్రాజెక్టుల వార్తలలో నిత్యమూ ఎదురవుతుంది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015 జూన్ 11న కరివెన వద్ద శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబరు 16న కొల్లాపూర్ సమీపంలోని నార్లాపూర్ పంపుహౌసులో మొదటి పంపును ప్రారంభించారు. ఈ రెండవ సంఘటనను పథకం ప్రారంభమైనదని వ్రాయడం శీర్షికకు సరిపోతుంది. చదివే రైతుకు కావలసినది తన పొలానికి నీరు వచ్చిందా లేదా అన్నది. పంపు తిరగడం, జలాశయం నిండడం, కాలువ తవ్వడం, పొలం పారడం అనే మెట్లలో ఏది పూర్తయినదో చెప్పని వాక్యము పార్టీల కరపత్రానికి పనికివస్తుంది గాని సంగ్రహానికి పనికిరాదు.

తొందరపాటు

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమల ప్రాంతంలో అదృశ్యమైనపుడు, అది క్షేమంగా దిగినదని, ఆయన రోడ్డు మార్గాన వెళ్తున్నాడని తొలి గంటలలో కొన్ని మాధ్యమాలలో వార్తలు వచ్చాయి. మరుసటి రోజు మరణం ధ్రువపడింది. ఆ మధ్యకాలంలో సంగ్రహకర్త నిజాయితీగా వ్రాయగలిగిన వాక్యం ఒక్కటే: హెలికాప్టరుతో సంబంధాలు తెగిపోయాయి, గాలింపు జరుగుతున్నది. ఇటువంటి సందర్భాలలో వాక్యము ఏ గంటకు వ్రాయబడినదో తెలియడం అవసరం. వికీ పద్ధతిలో ప్రతి మార్పు చరిత్రలో నమోదవుతుంది కనుక పాత వాక్యము, దానిని మార్చినవారు, మార్చిన సమయము అందరికీ కనబడతాయి. అచ్చు పత్రికలో మరునాడు మూలన వచ్చే సవరణ కంటె ఇది మెరుగైన ఏర్పాటు.

వరదలలో మృతుల సంఖ్య కూడా ఇట్టిదే. తహసీల్దారు కార్యాలయం, పోలీసులు, విలేఖరి చెప్పే అంకెలు ఒకటిగా ఉండవు. ఏ అంకె ఎవరిదో చెప్పి వ్రాయాలి. మూడింటి సగటు తీయడం లెక్కల తరగతిలో చెల్లును గాని ఇక్కడ చెల్లదు.

హక్కులు, పేర్లు

జరిగిన సంఘటనపై ఎవరికీ కాపీహక్కు లేదు. దానిని చెప్పిన వాక్యాలపై ఉంటుంది. వర్తమాన వ్యవహారాలను తెలియజేయుటకై న్యాయమైన మేరకు వాడుకొనుటను 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. దీనిని పత్రిక పేరా మొత్తం అతికించుటకు అనుమతిగా భావించరాదు. రెండు మూడు పత్రికలు చదివి, పక్కన పెట్టి, గుర్తున్న దానిని వ్రాసి, తరువాత అంకెలు మాత్రం సరిచూచుకొనే పద్ధతి అనుభవంలో సులువైనది.

ఇంతకన్నా పెద్ద బాధ్యత వ్యక్తుల పేర్ల విషయంలో ఉన్నది. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును వెల్లడించడం పూర్వం భారతీయ శిక్షాస్మృతి 228ఎ సెక్షన్ క్రింద నేరము. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ క్రింద నేరము. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ మాధ్యమాలను నియంత్రిస్తుంది. నగరంలో పేరు తీసివేస్తే గుర్తు చాలావరకు పోతుంది. పల్లెలో ఆ విధంగా పోదు. ఊరి పేరు, తండ్రి వృత్తి, చదివే తరగతి వ్రాస్తే చాలు, మండలమంతటికీ ఇల్లు తెలిసిపోతుంది. అచ్చయిన పత్రిక నాలుగు రోజులలో పొట్లం కట్టడానికి వెళ్ళేది. వెబ్‌సైటులోని వాక్యము ఆ బాలికకు పెళ్ళి సంబంధాలు చూచేనాటికి కూడా వెదికితే దొరుకుతుంది. అరెస్టయిన వారి విషయమూ ఇటువంటిదే. అరెస్టు వార్త మొదటి పేజీలోకి ఎక్కుతుంది, కేసు కొట్టివేసిన వార్త జిల్లా పేజీలో కూడా రాకపోవచ్చు. మొదటిది చేర్చినవారు రెండవదానిని వెదికి చేర్చలేనిచో అసలు పేరు చేర్చకుండుటే సరియైనది.

ఏది చేర్చాలి, ఏది వదలాలి

శాలువా సన్మానాలు, పుట్టినరోజు అన్నదానాలు, ఫ్లెక్సీల ఆవిష్కరణలు జిల్లా పేజీలలో అధిక భాగాన్ని ఆక్రమిస్తాయి. సంవత్సరము తరువాత వాటి కోసం ఎవరూ వెదకరు. పంచాయతీ ఎన్నికల ఫలితాలు, వర్షపాతము, పత్తి, వేరుశనగల మార్కెట్ ధరలు, పాఠశాల మూత, కొత్త బస్సు సర్వీసు, చెరువు తెగుట వంటివి ఆనాడు చిన్న వార్తలే అయినా తరువాత చరిత్రకు పనికివస్తాయి. ఈ కోవకు చెందిన వాటిలో ఎక్కువ భాగము ఆ ఊరివారు చేర్చితే తప్ప ఏ సంగ్రహానికీ ఎక్కవు.

ఆధారముగా ఇచ్చే లింకుల విషయంలో ఒక జాగ్రత్త అవసరము. జిల్లా పేజీల ఈ-పేపరు లింకులు కొంతకాలానికి పనిచేయకపోవడం మామూలే. కనుక లింకు ఒక్కటే ఇవ్వక పత్రిక పేరు, ముద్రణ కేంద్రం, తేదీ, పేజీ సంఖ్య కూడా వ్రాయాలి. గ్రంథాలయంలో పాత పత్రికల కట్ట ఉన్నచో ఆ వివరాలతో వార్తను తిరిగి పట్టుకొనవచ్చును. వనపర్తి జిల్లా ఎడిషన్ 2016కు ముందు లేదు కాబట్టి, అంతకు పూర్వపు పానగల్ వార్తలకు మహబూబ్‌నగర్ ఎడిషన్ కట్టలే చూడవలసి ఉంటుంది.