సువార్త వేరు, శిష్యత్వం వేరా?



క్రైస్తవ బోధకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనలో చాలామందికి కళ్లముందు మెదిలేది మైదానం, మైకు, జనసందోహం. సభకు ఎన్ని వేలమంది వచ్చారో అభిమానులు ఘనంగా చెబుతారు. విమర్శకులు ఆ సంఖ్యనే చూసి కలవరపడతారు. ఇరుపక్షాలూ లెక్కించేది తలలనే. సభ ముగిసిన మరునాటి సంగతి ఎవరికీ పట్టదు. నా దృష్టిలో అసలు విషయమంతా ఆ మరునాడే ఉన్నది.

తెలుగు బైబిలులో రెండు మాటలు గమనింపదగినవి. మొదటిది సువార్త, అనగా మంచి కబురు. కబురును పదివేలమందికి ఒక్కసారే చెప్పవచ్చు. రెండవది శిష్యుడు. ఇది 'శాస్' ధాతువు నుండి పుట్టినది. శాస్త్రం, శాసనం దీనికి తోబుట్టువులు. బోధింపదగినవాడు, బోధకు లోబడినవాడు శిష్యుడు. గ్రీకు మూలంలోని పదానికి కూడా నేర్చుకొనేవాడనే అర్థం. మత్తయి సువార్త చివర క్రీస్తు ఆజ్ఞాపించినది శిష్యులను చేయమనీ, వారికి బోధించమనీ. వినిపించి వెళ్లిపొమ్మని కాదు. బడి భాషలో చెప్పాలంటే, మొదటిది పిల్లవాణ్ణి చేర్చుకోవడం, రెండవది చదువు చెప్పడం. హాజరుపట్టీ నిండినంత మాత్రాన చదువు వచ్చినట్లు కాదు గదా!

ఈ రెంటినీ ఒకే పనిగా ఎంచినవారికి మన హైదరాబాదుతో ముడిపడిన భక్తసింగ్ గారు మంచి ఉదాహరణ (విప్లవవీరుడు భగత్ సింగ్ వేరు). 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో జన్మించి, ఇంగ్లండులో ఇంజనీరింగు చదివారు. విద్యార్థి దశలో బైబిలు పుటలు చింపివేసి, అందమైన అట్టను మాత్రం దాచుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. 1929లో కెనడాలో కొత్త నిబంధన చదివి క్రీస్తును విశ్వసించారు. 1933లో స్వదేశానికి మరలి వచ్చినప్పుడు, ఆ విశ్వాసాన్ని గుట్టుగా ఉంచుకొమ్మని తల్లిదండ్రులు కోరగా సమ్మతింపక, వీధులలో బోధకు దిగారు.

పేరుమోసిన ప్రసంగీకుడిగా జీవితమంతా ఊరూరా తిరిగి గడిపివేయవచ్చును. ఆయన అలా చేయలేదు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మాను, తరువాతి కాలంలో హైదరాబాదులో హెబ్రోనును నెలకొల్పి, విన్నవారు కలిసి నేర్చుకొనడానికి స్థానిక సంఘాలను ఏర్పరచారు. ఆయనకు తెలుగు రాదు. అనువాదకుని ద్వారానే బోధించేవారు. అయినా ఆ సంఘాలు 'సీయోను గీతములు' చేతబట్టి తెలుగులోనే పాడుకున్నాయి. ఆయన 2000లో హైదరాబాదులోనే కన్నుమూశారు.

దినాల తరబడి సాగే హోలీ కాన్వొకేషన్లు ఆయన పద్ధతికి అద్దం పడతాయి. వేలమంది కలిసి నేలమీద కూర్చుని విన్నారు, ఒకేచోట బసచేశారు, ఒకే పంక్తిలో భుజించారు. మన దేశంలో పంక్తి సామాన్యమైన మాట కాదు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చోవచ్చునో, ఎవరు కూడదో శతాబ్దాలుగా తేల్చిచెప్పినది పంక్తియే. సమానత్వంపై ఎంత గొప్ప ప్రసంగమైనా గంటలో ముగుస్తుంది. ప్రక్కవానితో కలిసి తిన్న అన్నం మాత్రం పాఠమై నిలుస్తుంది. ఆ పాఠం ఇంటికి వెళ్లాక ఎందరిలో నిలిచిందన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ ప్రశ్న వేయడానికి అవకాశమిచ్చేది శిష్యత్వమే. కేవలం జనసమూహాన్ని అలా ప్రశ్నించలేము.

మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకొనే హక్కునిచ్చింది. అందులో ఇతరులను మతం మార్చే హక్కు ఇమిడిలేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుపై వాదోపవాదాలు నేటికీ ఉన్నవి. నాకు తోచినది ఇది: ఎవరినీ ఎవరూ బలవంతంగా శిష్యుణ్ణి చేయలేరు. గుంపును ఉద్రేకపరచవచ్చు, ఆశపెట్టవచ్చు, భయపెట్టనూవచ్చు. నేర్చుకొనడం మాత్రం నేర్చుకొనేవాని ఇష్టంతోనే సాగుతుంది. కనుక బోధకుడు శిష్యత్వాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే, ప్రలోభపెట్టారన్న నిందకు అంత దూరంగా ఉంటాడు.

రోగం పోతుందనీ, అప్పు తీరుతుందనీ వేదికలపై హామీలు గుప్పించేవారు నేడు ఉన్నారు. ఇది ఒక్క మతానికి చెందిన జాడ్యం కాదు. మన స్వాములవార్లను, బాబాలను కూడా ఇదే తూకంతో తూచాలి. వినవచ్చినవారు ఎందరని అడగడం మాని, ఎదురుప్రశ్న వేయగలవారిని ఎందరిని తయారుచేశారని అడుగుదాం. గురువు పేరు మరచిన నాడు కూడా నేర్చినదానిని ఆచరించేవాడే నిజమైన శిష్యుడు.

దీనిపై మీరేమంటారో విన కుతూహలపడుతున్నాను.