బడి నేలకు హక్కుదారు ఎవరు?

2022 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు కోర్టు ధిక్కరణ కింద రెండు వారాల జైలు శిక్ష విధించింది. వారు బేషరతుగా క్షమాపణ చెప్పడంతో జస్టిస్ బట్టు దేవానంద్ ఆ శిక్షను మార్చారు. ఏడాది పాటు నెలకో ఆదివారం సంక్షేమ హాస్టళ్లకు వెళ్లి పిల్లలతో గడపాలని, ఒక పూట వారి భోజనం ఖర్చు భరించాలని ఆదేశించారు. ప్రభుత్వ బడుల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టవద్దని 2020లో ఇచ్చిన ఉత్తర్వులను అమలు చేయకపోవడమే వారి తప్పు.

ఆనాడు పత్రికలన్నీ అధికారుల పేర్ల మీద, శిక్ష మీద దృష్టి పెట్టాయి. అది సహజమే. కానీ ఆ తీర్పును మళ్లీ చదివినప్పుడల్లా నన్ను వేరే ప్రశ్న వదలదు. వాళ్లకు శిక్ష పడింది కోర్టు మాట విననందుకు. పిల్లల నేల తీసుకున్నందుకు కాదు. ఎవరూ కోర్టు గడప తొక్కకపోయి ఉంటే, బడి ప్రహరీ లోపల పునాదులు తవ్వుతున్న కాంట్రాక్టరును ఏ సెక్షను ఆపేది?

కేంద్రం తెచ్చిన 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బడికి ఏమేం ఉండాలో దాని షెడ్యూలు చెబుతుంది. ఉపాధ్యాయుడికో తరగతి గది, ఆడపిల్లలకు మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, మధ్యాహ్న భోజనానికి వంటగది, ఆట స్థలం, ప్రహరీ గోడ లేదా కంచె. ఆట స్థలం గురించి ఆ షెడ్యూలులో ఉన్నది ఆ ఒక్క మాటే. ఎన్ని గజాలు ఉండాలో లేదు. ఉన్నదాన్ని తగ్గించకూడదన్న మాట లేదు. ఎకరం నేలలో ముప్పాతిక భాగం పోయి, మిగిలిన మూలలో ఒక జారుడుబల్ల పెట్టినా ఆ షెడ్యూలు ప్రకారం ఆ బడికి ఆట స్థలం ఉన్నట్టే లెక్క.

అదే చట్టం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలు. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, నిధుల ఖర్చు చూసుకోవడం వారి పని. బడి నేలలో గజం తగ్గించాలంటే ఆ కమిటీ సమ్మతి కావాలని మాత్రం చట్టం ఎక్కడా అనదు. సున్నం డబ్బాల బిల్లు మీద ఆ తల్లుల సంతకం కావాలి, బడి స్థలంలో సగం పోతుంటే అక్కరలేదు.

మన దగ్గర ఇంకో చిక్కుముడి ఉంది. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని బోర్డుల మీద రాసి ఉంటుంది. చదువు చెప్పించేది విద్యాశాఖ, పేరు పరిషత్తులది. నేల సంగతికొస్తే కొన్ని చోట్ల గ్రామ కంఠం, కొన్ని చోట్ల పోరంబోకు. ఇంకా చాలా ఊళ్లలో ఎవరో పెద్దమనిషి పిల్లలు చదువుకోవాలని నోటిమాటగా ఇచ్చిన పొలం. కాగితం లేదు, హద్దురాళ్లు లేవు, అడంగల్‌లో బడి పేరు లేదు. ఇచ్చిన మనిషి పోయాక మనవలు వచ్చి మా తాత నేల మాకివ్వండి అంటారు. హెడ్మాస్టరు తహశీల్దారు ఆఫీసుకు తిరుగుతుంటాడు. ఆయనకు బదిలీ అవుతుంది. కొత్తగా వచ్చినాయనకు ఆ సంగతే తెలియదు.

ప్రభుత్వ భూముల కాపలాకు రాష్ట్ర చట్టాలు లేకపోలేదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం నేటికీ పనిచేస్తోంది. రిజిస్ట్రేషన్ చట్టానికి 2007లో ఉమ్మడి రాష్ట్రం చేర్చిన 22-ఎ సెక్షను ప్రభుత్వ భూముల రిజిస్ట్రేషన్‌ను అడ్డుకుంటుంది. నిషేధిత భూముల జాబితా అని ఊళ్లలో అందరూ అనేది దాని గురించే. అయితే ఈ చట్టాలన్నీ బయటివాడు వచ్చి ఎత్తుకుపోతాడన్న అనుమానంతో రాసినవి. ప్రభుత్వమే తన బడి నేలను తన ఇంకో శాఖకు ఇస్తే వాటికి పని లేదు. బడి నేల అలా ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు జారిపోయేది ఎక్కువగా పగటిపూటే, కొబ్బరికాయ కొట్టి, శిలాఫలకం వేసి. ఈ తేడా గమనించకుండా ఎన్ని ఆక్రమణల చట్టాలు తెచ్చినా పిల్లలకు ఒరిగేది తక్కువ.

ప్రభుత్వం వైపు వాదనను తీసిపారేయలేం. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి, 2020 మే నెలాఖరుకు రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. రాష్ట్రమంతటా వేల భవనాలు ఒక్కసారిగా కావాలి. ఊరి నడుమ ఖాళీ ప్రభుత్వ స్థలం అంటే బడే కనిపిస్తుంది. స్థలం కొనాలంటే డబ్బు, భూసేకరణ అంటే ఏళ్లు. రేషన్ కార్డు కోసం, విత్తనాల కోసం వచ్చే రైతులు కూడా ఆ పిల్లల తల్లిదండ్రులే కదా అన్న మాటలోనూ నిజం ఉంది. కానీ ఊళ్లో మిగిలిన ఖాళీలన్నీ, చెరువు గట్టు, పశువుల బందెలదొడ్డి, వాగు పోరంబోకు, ఏమయ్యాయని అడిగితే జవాబు రాదు. వాటిని ఆక్రమించుకున్నవాళ్లకు ఓట్లున్నాయి. మూడో తరగతి పిల్లకు ఓటు లేదు. అందుకే చెయ్యి ముందు బడి మీదకే పోతుంది.

సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక గీత గీసింది. హర్యానాలోని యమునానగర్ జిల్లాలో ఒక ఊరి బడి ఆట స్థలాన్ని కొందరు ఆక్రమించి ఇళ్లు కట్టుకున్నారు. మార్కెట్ ధర తీసుకుని వాళ్లకే వదిలేయమని హైకోర్టు అంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆట స్థలం లేని బడి ఉండకూడదని, డబ్బు కట్టించుకుని ఆక్రమణను సక్రమం చేయడం కుదరదని చెప్పి, ఖాళీ చేయడానికి ఏడాది గడువు ఇచ్చింది. మరుసటి ఏడాది కేరళ హైకోర్టు ఇంకో అడుగు వేసి, ఏ స్థాయి బడికి ఎంత ఆట స్థలం ఉండాలో నిబంధనల్లో రాయమని ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

చెప్పాల్సిందంతా కోర్టులే చెప్పాలా? విద్య ఉమ్మడి జాబితాలో ఉంది, నిజమే. కానీ భూమి రాష్ట్ర జాబితాలోని 18వ అంశం. బడి నేల గురించి చట్టం చేయడానికి అమరావతి గానీ, హైదరాబాదు గానీ ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. 1982 విద్యా చట్టం రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి వారసత్వం, దానికి ఒక అధ్యాయం చేర్చినా సరిపోతుంది. బడి ఆవరణను చదువుకు తప్ప వాడవద్దన్న సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి. సర్క్యులర్ ఇచ్చిన చెయ్యే మినహాయింపూ ఇస్తుంది. శాసనసభ చేసిన చట్టాన్ని ఒక కలెక్టరు, ఒక మంత్రి సాయంత్రానికి మార్చలేరు.

ఆ అధ్యాయంలో ముందుగా రావాల్సింది వాడుకోవడానికి, తీసుకోవడానికి మధ్య తేడా. పల్లెలో బడి మైదానం ఒక్క పిల్లలదే కాదు. సాయంత్రం కుర్రాళ్లు వాలీబాల్ వల కడతారు. తెల్లవారుజామున పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు పరుగెత్తుతారు. తుపాను వస్తే ఊరంతా ఆ గదుల్లోనే తలదాచుకుంటుంది. ఎన్నికలప్పుడు పోలింగు అక్కడే. గేటుకు తాళం వేసి ఇదంతా ఆపమనే చట్టం నాకు వద్దు. బడి వేళ దాటాక ఊరికి ఆ నేల మీద ఉన్న చనువు వల్లే బడికి కాపలా దొరుకుతుంది. సాయంత్రం ఆడుకున్న నేల తెల్లారేసరికి అలాగే ఉంటుంది. సచివాలయం కడితే ఉండదు. మొదటిదాన్ని కమిటీ అనుమతితో, బడి వేళలకు అడ్డురాకుండా సాగనివ్వాలి. రెండోదానికి మార్గమే మూసేయాలి. రోడ్డు విస్తరణలాంటి తప్పనిసరి అవసరం వస్తే, అంతే విస్తీర్ణం బడికి ఆనుకుని ముందుగా చూపించాకే గజం ముట్టుకోవాలి. నాయకుల బహిరంగ సభలకు, హెలికాప్టరు దించడానికి పని దినాల్లో మైదానం ఇవ్వడం కూడా ఒక పూట తీసుకోవడమే. పందిరి గుంతలు పూడ్చేది మళ్లీ ఆ పిల్లలూ, వ్యాయామ ఉపాధ్యాయుడే.

తర్వాతది కాగితం. ప్రతి బడికీ సర్వే చేయించి, హద్దురాళ్లు పాతించి, రికార్డులో బడి పేరే రాయించాలి. నోటిమాట దానాలకు దాతల కుటుంబాలతో ఇప్పుడే దానపత్రాలు రాయించుకోవాలి, ఆ తరం సాక్షులు ఇంకా కొందరైనా మిగిలి ఉండగానే. హద్దుల పటం బడి గోడ మీద రంగులతో గీయించాలి. దాన్ని చూస్తూ పెరిగిన పిల్లకు తన బడి ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది.

పట్నాల్లో ప్రైవేటు బడుల కథ వేరు. అక్కడ తీసుకోవడానికి నేలే లేదు. షాపుల మీద రెండో అంతస్తులో మొదలైన బడికి గుర్తింపు ఎలా వచ్చిందన్నది పాత ప్రశ్న. విద్యాహక్కు చట్టం అప్పటికే ఉన్న బడులకు సౌకర్యాలు సమకూర్చుకోవడానికి మూడేళ్ల గడువు ఇచ్చింది, అది 2013లోనే తీరిపోయింది. గుర్తింపు రద్దయ్యాక కూడా నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపై రోజుకు పది వేలు. అక్కడ సెక్షను ఉంది, వాడే చెయ్యి లేదు.

ప్రభుత్వ బడి నేలకు చట్టం ఇప్పుడే చేయాలనడానికి ఒక కారణం ఉంది. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవోతో ఆంధ్రప్రదేశ్‌లో చాలా ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులు ఉన్నత పాఠశాలలకు వెళ్లాయి. 2025లో ఆ జీవో పోయి మరో పునర్వ్యవస్థీకరణ వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలు తగ్గిన బడులు, పూర్తిగా ఖాళీ అయినవి కనిపిస్తున్నాయి. గదులకు తాళం పడ్డ ఏడాదికే ఆవరణలో ఎవరిదో గడ్డివాము లేస్తుంది, రెండో ఏడాది పశువుల పాక. ఆ నేలను అంగన్‌వాడీకో, గ్రంథాలయానికో, ఊరి పిల్లల ఆటలకో కట్టేసి ఉంచే వాక్యం చట్టంలోకి రావాలి. ఇంకో పదేళ్లకు ఆ ఊరికి మళ్లీ బడి కావాల్సి వస్తే, అప్పటి ధరకు అర ఎకరం కొనగల పంచాయతీ మన దగ్గర ఎక్కడా లేదు.