రైళ్ల ఆలస్యానికి నష్టపరిహారం: కర్నూలు, కడప జిల్లాల ప్రయాణికుల ఉమ్మడి సభ తీర్మానం

సభ గమనించినది: కర్నూలు, కడప జిల్లాలవారికి రైలు అవసరమే గాని విలాసం కాదు. ఉద్యోగ పరీక్షకు హైదరాబాదు వెళ్లే నిరుద్యోగి, వైద్యానికి తిరుపతికో వేలూరుకో వెళ్లే రోగి, వానలు తప్పిన ఏడాది ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి పిల్లాపాపలతో సుగ్గికి (వలస పనికి) పోయే కూలీ దాన్నే నమ్ముకున్నారు. రైలు ఆలస్యమైతే వీరికి పోయేది పరీక్ష, డాక్టరు ఇచ్చిన సమయం, ఆ రోజు కూలి.

సభ గుర్తించినది: రైలు 3 గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణం మానుకున్నవారికి పూర్తి ఛార్జీ తిరిగి వస్తుంది. ఆన్‌లైన్ టికెట్టుకైతే రైలు కదలకముందే టీడీఆర్ అనే వాపసు దరఖాస్తు దాఖలు చేయాలి. అది టికెట్టు సొమ్ము వాపసు మాత్రమే. ఆ రైలులోనే వెళ్లి నష్టపోయినవారికి దానివల్ల పైసా రాదు. వాపసునే పరిహారంగా లెక్కగట్టడాన్ని సభ అంగీకరించదు.

సభ నమోదు చేస్తున్నది: ఈ విషయంలో చట్టం ప్రయాణికుడి పక్షాన ఉంది. 2016లో అజ్మీర్–జమ్ము ఎక్స్‌ప్రెస్ 4 గంటలు ఆలస్యమై, శ్రీనగర్ విమానం అందక ఒక కుటుంబం ట్యాక్సీలో పోవలసి వచ్చింది. ట్యాక్సీకి 15,000, బుకింగ్ ఖర్చుకు 10,000 రూపాయలు, మనోవేదనకు, కోర్టు ఖర్చులకు మరికొంత చెల్లించాలని అల్వర్ జిల్లా వినియోగదారుల ఫోరం ఆదేశించింది. 2021 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. రైళ్లు సమయానికి నడుస్తాయన్న హామీ లేదంటూ టారిఫ్ నిబంధనలను చూపిన రైల్వే వాదన నిలవలేదు. ఆలస్యానికి కారణం చెప్పి, అది తన చేతిలో లేనిదని రుజువు చేయవలసింది రైల్వేయే. వరదకు ఆగిన రైలుకు ఈ సభ పరిహారం అడగదు. కారణం చెప్పని ఆలస్యానికి అడిగి తీరుతుంది.

సభ విచారిస్తున్నది: 2019లో లక్నో–ఢిల్లీ తేజస్ ఎక్స్‌ప్రెస్‌లో గంట దాటిన ఆలస్యానికి 100, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇచ్చే పద్ధతి మొదలైంది. 2024లో దాన్నీ ఆపేశారు. మా ప్రాంతపు వెంకటాద్రి, తుంగభద్ర వంటి రైళ్లలో వెళ్లేవారికి అలాంటిది ఎన్నడూ లేదు.

సభ కోరుతున్నది: గంటకు మించి ఆలస్యమైన ప్రతి రైలుకు, అడిగిన ప్రయాణికుడికి స్టేషన్‌లోనే ఆలస్య ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో రైలు నంబరు, ఆలస్యమైన సమయం, కారణం ఉండాలి. జనరల్ టికెట్టు మీద రైలు పేరు ఉండదు కనుక, ఎక్కువ నష్టపోయే కూలీ చేతిలోనే అతి తక్కువ సాక్ష్యం ఉంటున్నది. అందుకే ధ్రువపత్రం కోరికను సభ అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావిస్తున్నది. తేజస్‌లో ఇచ్చిన తరహా పరిహారం అన్ని ఎక్స్‌ప్రెస్ రైళ్లకూ వర్తింపజేయాలి.

సభ తీర్మానించినది: నష్టపోయినవారి తరఫున ఫిర్యాదులు రాసిపెట్టేందుకు కర్నూలులో, కడపలో ఒక్కొక్క సహాయ బృందం ఏర్పాటు చేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రయాణికుడు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు 2 సంవత్సరాలు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు, కాబట్టి రైలు టికెట్టుకు ఆ ఖర్చు రాదు.

సభ ప్రయాణికులకు విజ్ఞప్తి చేస్తున్నది: స్టేషన్ దాటకముందే టికెట్టును ఫోటో తీసుకోండి. రైలు చేరిన సమయం కనిపించే తెర చిత్రాన్ని భద్రపరచండి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. హాల్‌టికెట్టు, ఆసుపత్రి చీటీ, బస్సు, ట్యాక్సీ రసీదులు పారేయవద్దు.

ఈ తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతులను రైల్వే మంత్రిత్వ శాఖకు, గుంతకల్లు, హైదరాబాదు డివిజనల్ రైల్వే మేనేజర్లకు, ఈ ప్రాంత పార్లమెంటు సభ్యులకు పంపాలని నిర్ణయించింది.