పొరల నడుమ బలము

విమానపు రెక్కలయందు వాడబడుచున్న కర్బన తంతు మిశ్రమ పదార్థము, తంతువుల దిశలో, బరువుతో పోల్చిచూడగా ఉక్కును మించిన బలము గలదయ్యును, పొరకు పొరకు నడుమ ముఖ్యముగా రెజిన్ పట్టుపైననే ఆధారపడియుండుటచేత, అచ్చటనే సులభముగా విడిపోవును. ఈ పొరల నడుమ బలమును కొలుచుటకు, మందమునకు 4 రెట్ల ఎడముగల ఆధారములపై పొట్టి దూలమునుంచి, నడుమ విఱుగువఱకు నొత్తి, గరిష్ఠ భారమును అడ్డుకోత వైశాల్యముచే భాగించి 0.75తో గుణింతురు. పరీక్ష సులభమే, కాని మోపినచోటి నలుగుడును, వంపును అందు కలిసిపోవును. ఆ ఫలితమును ఏ ఒక్క పదార్థ గుణమునకును సాధారణముగా ముడిపెట్టజాలమని ఈ పరీక్షను నిర్దేశించు ఏఎస్‌టీఎమ్ డీ2344 ప్రమాణమే నిజాయితీతో చెప్పుచున్నది. నాణ్యతను పోల్చుటకు దానిని వాడుడు. ప్రాణములు మోయు భాగముల రూపకల్పనకు మాత్రము వీ-ఆకారపు గాడుల నమూనా పరీక్షనే ఆశ్రయింపుడని ఇంజినీర్లకు నా విన్నపము.