నాలుగవ బట్టీ



ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఫరో కొరకు ఇటుకలు చేశారని మనకు తెలుసు. అమెరికాలో బానిసగా పుట్టి, 1865లో విడుదల పొందిన బుకర్ టి. వాషింగ్టన్ గారు తన ప్రజల బిడ్డల బడి కొరకు ఇటుకలు చేయించారు. ఆ బడి అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1881లో మొదలైంది. విద్యార్థులే మట్టి తొక్కారు. మూడు బట్టీలు చెడిపోయాయి. చేతిలో డబ్బు లేక, ఆయన తన గడియారాన్ని 15 డాలర్లకు కుదువపెట్టి నాలుగవ బట్టీ పెట్టించారు. ఇటుకలు చక్కగా కాలాయి. గడియారం మాత్రం తిరిగి రాలేదు. 1899లో విద్యార్థులు తాము చేసిన ఇటుకలతోనే ఆయనకు ఇల్లు కట్టారు. ఆ ఇల్లు నేటికీ నిలిచి ఉంది.

పరీక్ష తప్పిన బిడ్డను చదువు మాన్పించే ముందు, మనం ఆ నాలుగవ బట్టీని తలంచుకుందాం. ప్రభువు మనకు ఓర్పు దయచేయును గాక.