అదృశ్య ప్రాకారము – సరమా శాపము



అమెరికా దేశమున నివసించు తెలుగు కుటుంబములలో శునకమును పెంచువారు కలరు. వారి పరిసరములయందు వాడుకలోనున్న ఒక సాధనమును గూర్చి సాధకులు విచారింపవలసియున్నది. అదియే కంటికి కనబడని విద్యుత్ కంచె. ఇంటి ప్రాంగణము చుట్టును భూమిలో సన్నని తీగను పాతిపెట్టుదురు. ఆ తీగనుండి వెలువడు రేడియో సంకేతమును కుక్క మెడపట్టీలోని చిన్న యంత్రము గ్రహించును. కుక్క హద్దును సమీపింపగనే మొదట హెచ్చరికగా బీప్ శబ్దము వినవచ్చును. ఆగక ముందుకు సాగినచో, మెడకు ఒత్తుకొనియుండు రెండు లోహపు మొనల ద్వారా విద్యుదాఘాతము తగులును. 1970వ దశకమునుండి అక్కడ ఇది విక్రయింపబడుచున్నది. పలుచోట్ల హోమ్ ఓనర్స్ అసోసియేషన్లు ఇంటిముందు కంచె కట్టనీయవు. కట్టనిచ్చినను కర్రకంచెకు వ్యయము అధికము. కావున జనులు దీనిని ఆశ్రయించుచున్నారు.

మన పల్లెలలో అడవిపందుల కొరకు కొందరు అక్రమముగా పెట్టు ప్రాణాంతకమగు కరెంటు తీగ వంటిది కాదిది. కుక్క దీనివలన మరణింపదు. అయినను ఇది హింసయే యనియు, నిత్యము దీపారాధన జరుగు గృహమునకు తగదనియు మా సిద్ధాంతము.

"ఆఘాతము అత్యల్పము, క్షణమాత్రము, దానిని హింస యనుట అతిశయోక్తి" యని ప్రథమ పూర్వపక్షము. పతంజలి మహర్షి హింసను స్వయముగా చేసినది, ఇతరులచే చేయించినది, ఆమోదించినది అని మూడు విధములుగా చెప్పి, ఆ మూడును మృదువు, మధ్యము, అధిమాత్రము అను భేదములు కలవని వివరించెను. మృదువైనది హింస కాకపోదు. "నేను కొట్టలేదు, యంత్రము తాకినది" యనువాడు తాను చేసినదానిని చేయించినదిగా మార్చుకొనెనే గాని, దానినుండి విముక్తుడు కాలేదు. మరియు ఆ ఆఘాతము నిజముగా లెక్కింపదగనిదైనచో కుక్క ఏల ఆగును? బాధ కలుగునంతవరకే ఈ కంచె కంచెగా పనిచేయును.

"కొన్ని దినముల శిక్షణ చాలును; పిమ్మట శబ్దము వినియే కుక్క ఆగిపోవును, మరల ఆఘాతమే తగులదు" అందురు. కొన్ని కుక్కల విషయమున ఇది సత్యమే. కాని అప్పుడు దానిని ఆపునది ఏది? పూర్వానుభూతమగు బాధయొక్క సంస్కారము, అనగా భయము. గీతాచార్యుడు దైవీసంపదను పేర్కొనుచు అభయమును మొట్టమొదట నిలిపెను. తాను అభయమును కోరి నిత్యము ఈశ్వరుని ప్రార్థించువాడు, తనను ఆశ్రయించిన ప్రాణి మెడకు భయమును కట్టుట ఎట్లు పొసగును?

"వీధిలో కారు క్రింద పడి చచ్చుటకంటె ఇది మేలు కదా? వైద్యుని శస్త్రము కూడ బాధించును గదా?" యనునది బలమైన ఆక్షేపము. శస్త్రమునకు ప్రత్యామ్నాయము లేనప్పుడే వైద్యుడు దానిని చేపట్టును. చేపట్టి రోగి ప్రక్కనే నిలుచును. ఇచ్చట ప్రత్యామ్నాయములు అనేకములు కలవు. యజమానియో, ఆఫీసులో ఉన్నాడు. పైగా ఈ రక్షణ అసంపూర్ణము. ఉడుతను తరుముచు ఉద్రేకమున హద్దు దాటిన కుక్కకు, తిరిగి ఇల్లు చేరుటకు మరల అదే ఆఘాతము అడ్డు నిలుచును. బ్యాటరీ అయిపోయినచో హద్దే లేదు. పొరుగు కుక్కనుగాని, కొయోటీనిగాని ఈ కంచె ఆపదు. బాటసారి కనబడిన క్షణముననే మెడకు బాధ కలిగినచో, ఆ బాధకు అతడే కారణమని శునకము భావింపవచ్చును. ఇట్టి కంచెలలోని కుక్కలు మనుష్యులపై తీవ్రముగా దాడి చేసిన ఐదు ఘటనలను 2000వ సంవత్సరమున ఒక శాస్త్రపత్రిక ప్రచురించెను. మొనలు ఒకేచోట ఒత్తుకొనుటవలన పుండ్లు పడుటయు కలదు. వేల్స్ దేశము 2010లోనే విద్యుదాఘాతపు మెడపట్టీలను చట్టముచే నిషేధించినది.

ధర్మరాజు వెంట నడచిన శునకమును అందరును ఎరుగుదురు. భారతారంభమున దెబ్బలు తిన్న శునకమును తలచువారు అల్పులు. జనమేజయుని సత్రయాగమున దేవశుని యగు సరమ కుమారుడు ఆడుకొనుచు వచ్చెను. అది హవిస్సును నాకలేదు, కన్నెత్తియైనను చూడలేదు. అయినను రాజసోదరులు దానిని కొట్టిరి. నిరపరాధిని కొట్టినందున నీకు కనబడని భయము కలుగునని సరమ రాజును శపించెను. నన్నయభట్టు ఈ కథను తెలుగు చేసెను. కొట్టినవారు తమ్ములు; శాపము తగిలినది యాగకర్తకు. మహారాజంతటివాడు ఆ మాటకు కలతచెంది, శాంతి కొరకు పురోహితుని అన్వేషించెను. కనబడని భయము చక్రవర్తికే శాపమైనప్పుడు, దానినే పాతిపెట్టి శునకమునకు నిత్యజీవనముగా చేయుట ఏ ధర్మము?

"గొలుసును, గోడయు బంధములే కదా?" యందురేమో. బంధమే, కాని గోడ సత్యము పలుకును. కుక్క దానిని చూచును, వాసన చూచును, ఇచట దారి లేదని తెలిసికొనును. గోడ లోపలిదానిని ఆపినట్లే వెలుపలిదానిని కూడ ఆపును. గొలుసు చివర మనుష్యుని చేయి యుండును. ఆ చేతికి కుక్క లాగుట తెలియును. భూమిలోని తీగకు ఏమియు తెలియదు.

కావున చేయవలసినది స్పష్టము. పెరటివైపు కనబడు కంచెను కట్టింపుడు. ముంగిట అనుమతి లేనిచోట్ల కూడ వెనుకవైపు తరచుగా అనుమతి లభించును. కంచె సిద్ధమైన పిదప ఆ మెడపట్టీని తీసివేయుడు. అంతవరకు, కంచె కట్టుట సాధ్యము కానిచో ఎల్లప్పుడును, ఉదయసాయంసంధ్యలలో గొలుసు చేతబట్టి స్వయముగా నడిపింపుడు. ఆ అర్ధగంట జపమునకు విఘ్నము కాదు. దానికిని అవకాశము లేనివారు శునకమును తెచ్చుకొనకుండుటయే ధర్మము. ఆశ్రితుని రక్షింప సమయము లేనివానికి ఆశ్రయమిచ్చు అధికారము లేదు.