పేరులో ఉన్న రంగు: శ్యామల!

పోయిన నెల గోదావరిఖనిలోని మా ఇంట్లో పెద్ద పేచీ వచ్చిపడింది. ఆస్తి తగాదా కాదు, ఓట్ల గొడవా కాదు. మా అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో నాడు తొట్టెల వేసి, చెవిలో పేరు చెప్పాలి. ఆ పేరేమిటన్నదే పేచీ!

మా బాపు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి. రిటైరయ్యాక అరుగుమీద పేపరు చదువుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. పది మాటలు అవసరమైన చోట ఒక్కటి మాట్లాడతాడు. ఈసారి ఆ ఒక్క మాటా "శ్యామల" అన్నాడు. అంతే, ఇంట్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మా బావ ఓపెన్ కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు. ఆయన మొహం చిన్నబోయింది. "మామా, పోరి జర చామనచాయల పుట్టింది. పేరుల సుత అదే చెప్పాల్నా? శ్వేత అని పెడదాం" అన్నాడు. అక్క అత్తగారు మాత్రం "వెన్నెల" అంటే వెన్నెల అని కూర్చుంది. చివరికి "నువ్వు పత్రికలకు రాస్తవ్ గద, నువ్వే చెప్పు" అని బరువు నా నెత్తిన పెట్టారు. చెప్పేముందు కాస్త తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. అదిగో, ఆ తిరగేయడమే ఈ వారం మీ ముందుకు వచ్చింది.

శ్యామం అంటే నలుపు. ఒట్టి నలుపు కూడా కాదు. మబ్బు రంగూ శ్యామమే, ఏపుగా పెరిగిన వరిచేను ముదురు పచ్చదనమూ శ్యామమే. అందుకే పంటలు బాగా పండిన దేశాన్ని సస్యశ్యామలం అంటాం. రాముణ్ని నీలమేఘశ్యాముడన్నాం. కృష్ణుడి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ పేరుకి అర్థమే నలుపు. మహాభారతంలో ద్రౌపది అసలు పేర్లలో ఒకటి కూడా కృష్ణే! అయిదుగురు వీరులు కోరి పెళ్లాడిన అందగత్తెను వ్యాసుడు నల్లని పిల్ల అనే చెప్పాడు మరి.

కాళిదాసు తన మేఘసందేశంలో యక్షుడి భార్యను శ్యామ అనే వర్ణించాడు. దానికి వ్యాఖ్య రాసినవాడు ఎవరనుకున్నారు? మన మెదక్ సీమలోని కొలిచెలమ వాడు, మల్లినాథసూరి. శ్యామ అంటే ఇక్కడ యువతి అని ఆయన అర్థం చెప్పాడు. అంటే ఒకే మాట నలుపుకీ, నిండు యవ్వనానికీ సరిపోయిందన్నమాట! ఈ శ్యామ తెలుగులోకి వచ్చి చామ అయింది. మనం రోజూ అనే చామనచాయలో ఉన్నదీ ఆ చామే. మా బావ ఏ పేరు వద్దంటున్నాడో ఆ పేరే, తనకు తెలియకుండా, తన నోటితోనే అన్నాడు!

ఇక శ్యామల అంటే సాక్షాత్తూ అమ్మవారు. మాతంగి అనీ అంటారు. వీణ పట్టుకుని సంగీత సాహిత్యాలకు అధిదేవతగా కూర్చునే తల్లి. కాళిదాసు పేరు మీద ప్రసిద్ధమైన శ్యామలా దండకం ఈమె మీదిదే. సినిమా పాఠకులకు ఇంత వివరం అక్కర్లేదు లెండి. 1960లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 'మహాకవి కాళిదాసు' వచ్చింది. అక్కినేని కాళిదాసు. ఏమీ తెలియని అమాయకుడికి కాళీమాత కటాక్షం కలగడం, అతని నోట ఆ దండకం దూకడం, ఘంటసాల గొంతులో అది హాలంతా నిండడం... చూసినవాళ్లు మరిచిపోలేదు. ఆ దండకం ఊరూరా రేడియోల్లో మోగింది. మా అమ్మ ఈడు ఆడవాళ్లలో వీధికో శ్యామల కనిపించడానికి ఆ సినిమా ఒక్కటే కారణమని నేననను గానీ, ఆ పేరుకు ఆ రోజుల్లో ఉన్న మర్యాద ఎలాంటిదో దాన్నిబట్టి తెలుస్తుంది.

పేరు సముద్రాలు కూడా దాటింది. 1958లో ఒక తమిళ అమ్మాయి చదువుకోసం ఒంటరిగా అమెరికాలోని బర్క్‌లీకి వెళ్లింది. తర్వాత రొమ్ము క్యాన్సర్ మీద పరిశోధనలు చేసింది. ఆమె శ్యామలా గోపాలన్. ఆమె కూతురు కమలా హారిస్ 2021లో అమెరికా ఉపాధ్యక్షురాలైంది.

మరి ఇంత ఘనత ఉన్న పేరు మా వీధిలో ఇప్పుడెందుకు వినబడడం లేదు?

జవాబు కోసం నేను పుస్తకాలు వెతకనక్కర్లేదు. మా తరగతిలో ఒకే ఒక్క శ్యామల ఉండేది. లెక్కల్లో ఫస్టు. రంగు మాత్రం నలుపు. హాజరు పిలిచినప్పుడు మాస్టారు "శ్యామల" అనగానే వెనక బెంచీలోంచి మగపిల్లలం "బొగ్గు" అనేవాళ్లం. అనేవాళ్లం అంటున్నాను, గమనించారా? ఆ గుంపులో నేనూ ఉన్నాను. మేమంతా సింగరేణి కార్మికుల పిల్లలమే. అందరి ఇళ్లలోనూ ఆ బొగ్గు జీతంతోనే అన్నం ఉడికేది. బొగ్గును నల్లబంగారం అనీ, దాన్ని తవ్వే మా నాన్నల్ని నల్లసూరీళ్లు అనీ పత్రికలు రాస్తే గర్వంగా చదువుకునేవాళ్లం. అదే మాట ఒక ఆడపిల్ల మొహాన తిట్టుగా కొట్టాం. కొన్నేళ్లకు ఆమె శుభలేఖ మా ఇంటికి వచ్చింది. వధువు పేరు చోట శ్యామల లేదు. ఇంకేదో తెల్లని పేరు ఉంది.

ఈ బాధ మనుషులకే కాదు, దేవతలకూ తప్పలేదు. పార్వతి మొదట నల్లగా ఉండేదట. శివుడు వేళాకోళం చేస్తే అలిగి, తపస్సు చేసి, పసిమి ఛాయ తెచ్చుకుని గౌరి అయిందని పురాణం. గౌరి అంటేనే తెల్లనిది. అమ్మవారు తపస్సుతో సాధించినదాన్ని మనం ట్యూబుల్లో వెతుక్కున్నాం. 1975లో మార్కెట్లోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము 2020లో 'ఫెయిర్' మాట తీసేసి 'గ్లో అండ్ లవ్లీ' అని పేరు మార్చుకుంది. క్రీము పేరు మారడానికి 45 ఏళ్లు పట్టింది. మన మనసు మారడానికి ఎంత పడుతుందో!

సినిమావాళ్లనూ పూర్తిగా తప్పుపట్టలేం. 'నర్తనశాల' (1963) నలుపు తెలుపు చిత్రం. అందులో సావిత్రి ద్రౌపదిగా నటిస్తే ఒంటి రంగేమిటని ఎవరడిగారు? రంగుల చిత్రాలు జోరుగా వస్తున్న 1978లో బాలచందర్ పట్టుబట్టి 'మరోచరిత్ర'ను నలుపు తెలుపుల్లో తీశారు. కమల్‌హాసన్ సరసన చామనచాయ పిల్ల, కొత్తమ్మాయి సరితను నిలబెట్టారు. ఆ పెద్ద కళ్లకు జనం దాసోహమన్నారు. ఆ దారిలో నడిచినవాళ్లు తర్వాత ఎక్కువమంది లేరు, అదీ సంగతి. 2023లో మన సింగరేణి నేపథ్యంలో నాని 'దసరా' వచ్చింది. తెరనిండా మసీ, దుమ్మూ, చెమటా. అంత నల్లని ఊళ్లో కథానాయిక కీర్తి సురేష్ పాత్ర పేరు మాత్రం వెన్నెల! అక్క అత్తగారి పట్టుదల ఎక్కణ్నుంచి వచ్చిందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. వెన్నెల మంచి పేరే, కాదనను. కానీ నల్లని ఆకాశం లేకపోతే వెన్నెలను చూసేదెవరు?

సరే, మా పేచీకి వద్దాం. నేను చదివినదంతా ఇంట్లో ఏకరువు పెట్టాను. కాళిదాసుకు బావ కరగలేదు, మల్లినాథుడికీ కరగలేదు. "అవన్నీ మంచిగనే ఉన్నయ్ గని, రేపు బడిల పోరగాండ్లు బొగ్గు అంటే ఏం జెప్పాలె?" అన్నాడు. తప్పు చేసినవాణ్ని నేనే కదా, నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పుడు బాపు పేపరు మడిచాడు. "బాయిల దిగినంక అందరిదీ ఒక్కటే రంగు బిడ్డా. పైకొచ్చి తానం చేసినంకనే ఎవని రంగు వానికి యాదికొస్తది. నా టోపీ లైటు ఎన్నడు నల్లటోడు, తెల్లటోడు అని చూడలే. పోరికి గా మాట జెప్పు" అన్నాడు. బాపు ఒక్కసారి ఇంతసేపు మాట్లాడటం మేమెప్పుడూ చూడలేదు. బావ మారు మాటాడలేదు.

తొట్టెల నాడు పిల్ల చెవిలో పేరు చెప్పింది మా బావే. ఇంట్లో మాత్రం అక్క అత్తగారు "వెన్నెలా" అని పిలుచుకుంటోంది. పిలుచుకోనివ్వండి, రెండూ ఆ పిల్లవే. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు ఆ తలుపు తెరిచింది. ఏమో, తాత దిగిన బాయిలోకి రేపు మనుమరాలు ఇంజనీరుగా దిగవచ్చు. అప్పుడు హాజరు పట్టీలో "శ్యామల" అని పిలిస్తే వెనక నుంచి ఏ గొంతూ లేవకూడదు.

ఆనాటి మా తరగతి శ్యామల ఎక్కడుందో... ఈ పేజీ ఆమె కంటబడితే, ఆలస్యమైనా సరే, క్షమించమని అడుగుతున్నాను. మీ ఇంట్లోనూ ఒక శ్యామల ఉంటే, ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఒక ఉత్తరం ముక్క రాయండి. వచ్చే వారం మరో పేరుతో కలుద్దాం!